గోందరులో మా కాపురం

విమానం దిగగానే నా వయస్సు ఏడేళ్లు తగ్గిందంటే మీరు నమ్ముతారా? 2007 సెప్టెంబరులో మేము ఆడిస్ అబాబా చేరేసరికి ఊరంతా దీపాలతో, తోరణాలతో కళకళలాడుతోంది. ఇథియోపియావారి పంచాంగం మనకంటె ఏడెనిమిదేళ్లు వెనుక. ఆ నెల 12వ తేదీననే వారికి 2000వ సంవత్సరం పుట్టింది.

"అయితే బాకీలు పుట్టకముందుకే వచ్చేశామన్నమాట!" అన్నారు మావారు.

నవ్వాను గాని, మేము అంతదూరం పోయింది ఆ బాకీలకోసమే. మావారిది గుంటూరులో మిరపకాయల కమీషన్ వ్యాపారం. వరుసగా రెండేళ్లు దెబ్బతిని కొట్టు మూసేశారు. ఒక్క రైతులకే ఆరు లక్షలు ఇవ్వాలి. నేను ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పి తెచ్చుకునే జీతం వడ్డీకే చాలదు. ఇథియోపియాలో కొత్త విశ్వవిద్యాలయాలకు ఇంగ్లీషు చెప్పేవారు కావాలని తెలిసి, ఢిల్లీ పోయి ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చాను. ఉద్యోగం నాకు దొరికింది. ఆయనకు దొరికింది భార్యవెంట ఉండే అనుమతి మాత్రమే. దానిమీద ఏ పనీ చేయరాదు. విమానాశ్రయంలో కాగితం నింపుతూ "వృత్తి" అన్నచోట ఆయన కలం ఆగిపోయింది. నేను చూడనట్లే ఊరుకున్నాను.

గోందరు ఉత్తరాన కొండలమీది ఊరు. 17వ శతాబ్దంలో ఫాసిలిదెస్ చక్రవర్తి దానిని రాజధాని చేసుకుని కట్టించిన రాతికోట ఊరి నడిబొడ్డున ఇప్పటికీ నిలిచి ఉంది. రెండువేల మీటర్ల పైచిలుకు ఎత్తు కావడంచేత గుంటూరు ఎండలు ఎరిగినవారికి స్వర్గమే. కాకపోతే ఎత్తు ఎక్కి క్లాసుకు చేరేసరికి మొదటివారం నాకు నోట మాట వచ్చేది కాదు.

మొదటి క్లాసు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. "రెండు గంటలకు, టీచర్" అన్నాడొక కుర్రాడు. భోంచేసి, చీర మార్చుకుని తీరిగ్గా వెళ్లాను. గదిలో పురుగు లేదు! అక్కడివారి గంటలు తెల్లవారడంతో మొదలవుతాయి. మన ఉదయం ఏడు వారికి ఒకటి, ఎనిమిది రెండు. పిల్లలు పొద్దున్నే వచ్చి, కూర్చుని కూర్చుని వెళ్లిపోయారట.

హైస్కూలునుంచీ చదువంతా ఇంగ్లీషులోనే గనుక పిల్లలు వ్రాయగలరు. నోరు మాత్రం పెగలదు. ఒకనాడు వారి అక్షరాలు నాకు నేర్పమన్నాను. ఒక్కొక్క హల్లుకు ఏడేసి రూపాలు! పక్కనే మన క గుణింతం వ్రాసి చూపించాను. నా అమ్హారిక్ ఉచ్చారణ విని పడిపడి నవ్వారు. పంతులమ్మే తప్పులు మాట్లాడుతూంటే ఇక తమకేం భయం? ఆ రోజునుంచి నోళ్లు తెరిచారు. ఏడాది తిరిగేసరికి కొందరి ఇంగ్లీషులో గుంటూరు యాస వినిపించింది. దిద్దలేదు లెండి.

హైలె సెలాసీ చక్రవర్తి కాలంలో మనదేశపు టీచర్లు ఎందరో అక్కడి బడులలో చదువు చెప్పారు. నా చీర చూసి దారిలో ఆపి, తమ చిన్ననాటి టీచరును తలుచుకున్న పెద్దలు ఉన్నారు. ఆ గౌరవంలో నాకూ ఇంత ముట్టింది.

ఇక మావారు. వంట ఆయనదే, బజారు ఆయనదే. బజారులో ఆయన పేరు "పంతులమ్మగారి మొగుడు". అది విన్న రోజు అన్నం సరిగా తినేవారు కారు. నేను డబ్బు పంపిన ప్రతినెలా రైతుల పేర్ల పుస్తకం తీసి ఒక పేరు కొట్టివేసేవారు. ఒక రాత్రి, "నీ జీతం, నా బాకీ" అని పుస్తకం మూసి దీపం ఆర్పేశారు. నాకేమనాలో తోచలేదు.

ఒక శనివారం సంతలో ఆయన మిరపకాయ ఒకటి విరిచి, వాసన చూసి, గింజలు అరచేతిలో రాల్చి, "తడిసి ఎండిన సరుకమ్మా ఇది!" అన్నారు, తెలుగులోనే. ఆ అమ్మే మనిషికి తెలుగు రాకపోయినా సంగతి తెలిసింది. పకపక నవ్వి, వెనుకనున్న మరో బస్తా విప్పింది. గుంటూరు యార్డులో వేల టిక్కీలు చూసిన చేయి ఊరకే పోతుందా! అది మొదలు, వారి బెర్బెరె కారానికి కాయలు ఏరవలసివస్తే ఆయనను కేకవేసేవారు. తరువాత కాఫీకి పిలవడం మొదలుపెట్టారు. గింజలు అప్పటికప్పుడు వేయించి, దంచి, మట్టికూజాలో కాచి మూడుసార్లు పోస్తారు: అబోల్, తోన, బరక. నేను ఆకలితో ఇంటికొస్తే తాళం!

"మూడోది తాగకుండా లేస్తే మర్యాద కాదుటోయ్" అన్నారు ఆలస్యంగా వచ్చి. ఎన్నాళ్లకో ఆ గొంతులో పాత హుషారు విన్నాను. పోట్లాడబోయి మానుకున్నాను.

2010లో పుస్తకంలో ఆఖరి పేరు కొట్టివేసి తిరిగివచ్చాము. అక్కడ బుధ, శుక్రవారాలు ఉపవాసాలు; మాంసం, పాలు ముట్టరు. ఆ రోజులలో మా శాకాహారులకు పండుగ! శనగపిండితో ఉడికించే షిరో, పులిసిన దోసెలాంటి ఇంజెర. ఇప్పటికీ మా ఇంట శుక్రవారం షిరో ఆయనే చేస్తారు. నిమ్మకాయ పిండవద్దని నేను అంటూనే ఉంటాను, ఆయన పిండుతూనే ఉంటారు.