పట్టణమునకు ముందుచూపు

ఇల్లాలు ఏడాదికి సరిపడు ధాన్యమును ముందే లెక్కించుకొనును. పెరుగుచున్న పట్టణమునకును ఇట్టి ముందుచూపే ఆధారమని మా తలంపు. ఇందులకు హైదరాబాదు చరిత్రమే నిదర్శనము.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి ఆ నగరమున వేలకొలది ప్రాణములను హరించెను. మరుసటి యేట నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. వారు నగరమునకు ఎగువనే వరదను నిలుపు జలాశయములను, వీధులక్రింద మురుగుకాలువలను సూచించిరి. పిమ్మట 1920లో మూసీపై ఉస్మాన్‌సాగరు, 1927లో ఈసీనదిపై హిమాయత్‌సాగరు పూర్తియయ్యెను. వరదభయము తగ్గుటయేగాక త్రాగునీరును లభించెను.

అయినను, కట్టినంతమాత్రమున కార్యము ముగియదు. నీరు తెచ్చు వాగులను పూడ్చి యిండ్లు కట్టినచో గట్టెంత దృఢమైనను ఫలమేమి? 1996లో ఆ జలాశయముల చుట్టును 10 కిలోమీటర్లమేర కట్టడములను ప్రభుత్వము నియంత్రించెను. 2022లో ఆ కట్టుబాటును సడలించెను. నగరమో, కృష్ణా గోదావరుల నీటిని 100 కిలోమీటర్లకు మించిన దూరమునుండి తెచ్చుకొనుచున్నది. చేరువనున్న కుండను పగులగొట్టుకొని దూరపు బావికి పరుగిడుట గృహిణికి తగునా?

సోదరీమణులారా! 1993లో అమలునకు వచ్చిన రాజ్యాంగసవరణము పురపాలకసంఘములలో మూడవవంతునకు తక్కువ గాకుండ స్త్రీలకు స్థానము లొసగినది. మీ వాకిటికి వోటడుగ వచ్చినవారిని రెండు ప్రశ్న లడుగుడు: ముప్పదియేండ్లకు మన యూరికి నీరెక్కడిది? మురుగెక్కడికి? ఈ రెంటికిని బదులు చెప్పగలవారికే మన వోటు చెందవలెను.