గోరు ఆగిన చోట

హెడ్‌లైట్ అద్దం మీద గీత పడిందని ఎవరైనా బండి తెస్తే, ముందు ఆ గీతకు అడ్డంగా బొటనవేలి గోరు నడిపిస్తాను. గోరు జారిపోతే గీత పైపూతలోనే ఉన్నట్టు. ఆగిందంటే అసలు ప్లాస్టిక్‌లోకి దిగినట్టు. రేటు గానీ, బండి ఎప్పుడిస్తాననేది గానీ ఆ తర్వాతే చెబుతాను.

మా షెడ్డు విజయవాడ ఆటోనగర్‌లో. హైదరాబాద్ హైవే మీద పరిటాల, కంచికచర్ల వైపు కంకర టిప్పర్లు తిరుగుతూనే ఉంటాయి. వాటి వెనకాల నడిచే ట్యాక్సీలకు రాళ్ల దెబ్బలు మామూలే. అంబాసిడర్ల కాలంలో దీపానికి గాజు అద్దం ఉండేది. పగిలితే మార్చేసేవాళ్లు, అంతే. ఇప్పుడొచ్చేవి పాలీకార్బొనేట్. అంత తేలిగ్గా పగలదు గానీ ఇట్టే గీతలు పడుతుంది, ఎండకు పచ్చబడుతుంది. అందుకే కంపెనీలో దాని మీద అతినీలలోహిత కిరణాలను ఆపే గట్టి పూత వేస్తారు. ఏళ్ల తరబడి ఎండకు నిలబడిన బండికి ఆ పూత పోయి, పైభాగం పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది.

పాత పూత పూర్తిగా తీయందే పని మొదలైనట్టు కాదు. చుట్టూ పెయింటుకు మాస్కింగ్ టేపు రెండు వరసలు వేసి, 800 నంబరు వాటర్ పేపర్‌తో నీళ్లు చల్లుతూ రుద్దుతాను. మొదట పచ్చటి పాలలాంటి నీళ్లు కారతాయి. అవి తెల్లబడ్డాయంటే పూత పోయి ప్లాస్టిక్ తేలినట్టు. తర్వాత 1000, 1500, 2000, 3000. నంబరు మారినప్పుడల్లా రుద్దే దిక్కు మారుస్తాను. ముందు కాగితం పెట్టిన గీతలు పోయాయో లేదో అలాగైతేనే కనబడుతుంది. తొందరపడి ఒక నంబరు దాటేస్తే ఆ గీతలు రాత్రి లైటు వేసినప్పుడు బయటపడతాయి. బఫింగ్ మిషను ఒకేచోట ఆనించి ఉంచకూడదు, వేడికి ప్లాస్టిక్ కాలి ముడత పడుతుంది.

ఇంతవరకూ చాలామంది చేస్తారు. అద్దం తళతళలాడుతుంది, కస్టమరు సంతోషంగా డబ్బులిచ్చి వెళతాడు. టూత్‌పేస్టుతో రుద్దినా ఆ మెరుపు వస్తుంది. కానీ పూత లేని ప్లాస్టిక్‌ను ఎండలో వదిలితే కొన్ని నెలల్లోనే మళ్లీ మసకబారుతుంది. అందుకే ఆల్కహాల్‌తో తుడిచి, ఎండను ఆపే గుణమున్న టూకే క్లియర్ అనే హార్డెనర్ కలిపే పారదర్శక పూతను పల్చగా రెండు చేతులు కొడతాను. దాని హార్డెనర్ ఊపిరితిత్తులకు మంచిది కాదు, మంచి మాస్కు లేకుండా మా కుర్రాళ్లను గన్ పట్టనివ్వను. ముసురు పట్టిన రోజున క్లియర్ జోలికే పోను.

ఆవిరి పాలిష్ అని ఒకటి వచ్చింది. స్టీలు గిన్నెలో క్లోరోఫామ్ లాంటి ద్రావకాన్ని కాచి ఆ పొగ పట్టిస్తారు. క్షణాల్లో అద్దం గాజులా అయిపోతుంది. ఆ పొగ పీల్చేవాడి ఆరోగ్యం ఒక ఎత్తు. ద్రావకం తగిలిన పాలీకార్బొనేట్ లోలోపల వెంట్రుక పగుళ్లు పట్టడం ఇంకో ఎత్తు. అవి ఏ కాగితంతోనూ పోవు.

రాయి తగిలి పెచ్చు లేచిన చోట పని వేరు. అంచున వదులుగా ఉన్న ముక్కను సూదిమొనతో తీసి, గుంట లోపల దుమ్ము పోయేదాకా శుభ్రం చేస్తాను. బండి ముందు అద్దం మీద పడిన చిప్పులకు వాడే రెసిన్‌నే బొట్టుగా దింపుతాను. బుడగ ఉంటే సూదితో పైకి తెచ్చి పగలగొట్టి, పైన పల్చటి ఫిల్ము పరిచి యూవీ లైటు పెడతాను. గట్టిపడ్డాక ఉబ్బును బ్లేడుతో గీకి, మళ్లీ కాగితాల వరస. వెలుతురు రెసిన్‌లో ఒకలా, పాలీకార్బొనేట్‌లో ఒకలా వంగుతుంది. అందుకని పక్కనుంచి చూస్తే చుక్క కొద్దిగా తెలుస్తుంది. ఈ మాట పని మొదలుపెట్టకముందే చెప్పేస్తాను.

“ఇదంతా ఎందుకు మేస్త్రీ, పెద్ద బల్బు వేసెయ్” అంటారు ట్యాక్సీవాళ్లు. మామూలు హెచ్4 బల్బు 60/55 వాట్లు. 100/90 వేస్తే హోల్డరు మాడుతుంది, లోపలి రిఫ్లెక్టరు నల్లబడుతుంది. పైగా మసక అద్దంలోంచి వెలుతురు రోడ్డు మీదికి పోకుండా చెదిరి, ఎదుటి బండివాడి కళ్లలో పడుతుంది. 2018లో అమెరికాలో ట్రిపుల్‌ఏ అనే వాహనదారుల సంస్థ పరీక్షిస్తే, బాగా పచ్చబడిన దీపాలు కొత్తవాటి వెలుతురులో ఐదో వంతే ఇచ్చాయట. అందుకే బండి అప్పగించేముందు 25 అడుగుల దూరాన గోడకు ఎదురుగా పెట్టి లోబీమ్ వేసి చూస్తాను. పైగీత తేటగా తెగాలి, ఎడమవైపు కాస్త పైకి లేవాలి.

అద్దం ఆరపార చిల్లు పడినవి, రిఫ్లెక్టరు వెండిపూత ఊడినవి నేను పట్టను. నీళ్లు దిగిన దీపానికి పైన ఎంత నునుపు చేసినా వెలుతురు రాదు. అలాంటివాళ్లను పాత సామాన్ల కొట్లకు పంపి, యూనిట్టు ఎంచేటప్పుడు ఒకటి చూసుకోమంటాను. రోడ్డుకు కుడివైపు నడిచే దేశాల బళ్ల నుంచి ఊడదీసినదైతే దాని వెలుగు కుడివైపున పైకి లేస్తుంది, అంటే మన రోడ్ల మీద సరిగ్గా ఎదుటివాడి కళ్లలోకి. ధర సగానికే ఇస్తామన్నా అది తీసుకోవద్దంటాను.