వంద రూపాయల పెట్రోలు

ఈ ఉదయము ఉప్పల్‌లోని పెట్రోలు బంకులో నా ముందు నిలిచిన యువకుడు, వీపున ఆహారపు సంచి తగిలించుకొని, జేబులోని నలిగిన నోట్లను రెండుమార్లు లెక్కించి, వంద రూపాయలకే పోయించుకొనెను.

పట్టభద్రుడట.
సర్కారు కొలువుల గ్రూపు పరీక్షలకై నాలుగేండ్లు చదివి చదివి, తుదకు ఇంటింటికి ఆహారము చేరవేయు పనిలో చేరెనట.

అతడిచ్చిన ఆ వంద రూపాయలలోను పన్ను చేరియున్నది. తెలంగాణలో పెట్రోలుపై రాష్ట్రపు పన్నైన వ్యాట్ 35.20 శాతము; 2017లో జీఎస్టీ వచ్చినను పెట్రోలు దాని పరిధిలో చేరలేదు గనుక ఆ రేటును నిర్ణయించునది రాష్ట్రమే. మా వెనుక నిలిచిన పెద్దకారు యజమానికిని, కొలువు దొరకని యీ బిడ్డకును ఒకే రేటు! ఇది నాకు ఘోరమైన అన్యాయముగా తోచుచున్నది.

ఆ నోట్లు లెక్కించిన వ్రేళ్లే ఇంకను కనులయెదుట మెదలుచున్నవి.

మీ యూళ్లలో పిల్లలు ఏ పనులలో కుదురుకొనుచున్నారు? వ్రాయుడు.