పేలని తుపాకుల దారి

సీమ అనగానే చాలామందికి సినిమానే గుర్తొస్తుంది. దుమ్ము రేపుకుంటూ వరుసగా సుమోలు రావడం, తలుపులు ధన్‌మని తెరుచుకోవడం, చేతుల్లో వేటకొడవళ్లు... 'సమరసింహారెడ్డి' (1999), 'ఇంద్ర' (2002) చూసి పెరిగినవాళ్లు కర్నూలు బస్టాండులో దిగితే ముందు ఆశ్చర్యపోయేది ఇక్కడి నిమ్మళానికే. ప్లేటు నిండా ఉగ్గాని, పక్కనే మిరపకాయ బజ్జీ పెట్టి 'తిను అన్నా' అనే ఊరు ఇది!

అలాగని ఆయుధం ఈ నేలకు కొత్తా కాదు. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప దాకా నలభయ్యో నంబరు జాతీయ రహదారి మీద సుమారు 200 కిలోమీటర్ల ప్రయాణం. నంద్యాల దగ్గర పక్కదారి పట్టి కోయిలకుంట్ల, జమ్మలమడుగు, గండికోట చూసుకుంటూ వెళ్తే దాదాపు నాలుగు వందల ఏళ్ల తుపాకీ చరిత్ర వరుసగా ఎదురవుతుంది. చిత్రమేంటంటే... ఈ దారిలో పేలిన తుపాకుల కంటే దాచిపెట్టిన తుపాకులవే పెద్ద కథలు.

అంతఃపురంలో ఫిరంగులు

కర్నూలు నడిబొడ్డున కొండారెడ్డి బురుజు. 'ఒక్కడు' (2003) పుణ్యమా అని తెలుగునాట అందరికీ తెలిసిన కట్టడం. విజయనగర రాజు అచ్యుతరాయల కాలంలో, పదహారో శతాబ్దంలో కట్టిన కోటలో మిగిలిన ముక్క ఇది. అలంపురాన్ని ఏలిన కొండారెడ్డిని ఇక్కడే బంధించారని, అందుకే ఆ పేరు వచ్చిందని చెబుతారు.

ఈ కోటకు సంబంధించిన అసలు కథ 1839లో జరిగింది. అప్పటి నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు పోగేస్తున్నాడని ఈస్టిండియా కంపెనీకి అనుమానం వచ్చింది. సైన్యంతో వచ్చి సోదా చేస్తే అధికారులకే నోట మాట రాలేదట. ఫిరంగులు, గుండ్లు, మందుగుండు... గుట్టలు గుట్టలు. కోటలోనే కాదు, అంతఃపురం ఆవరణలోనూ ఫిరంగులు పోతపోసిన ఆనవాళ్లు కనిపించాయి. అంత సరంజామా ఉండీ నవాబు నిలవలేకపోయాడు. ఊరి శివారు జోరాపురం దగ్గర ఆయన మనుషులు ఓడిపోయారు. నవాబును తిరుచిరాపల్లికి తరలించారు. మరుసటి ఏడు అక్కడే హత్యకు గురయ్యాడు. దాచిన ఫిరంగి రాజ్యాన్ని కాపాడలేదు సరికదా... రాజ్యం పోవడానికి అదే సాక్ష్యమైంది!

కోయిలకుంట్లలో ఉరికొయ్య

నంద్యాల నుంచి దక్షిణంగా కుందూ నది వాలున వెళ్తే కోయిలకుంట్ల. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. నల్లరేగడి చేలు, శనగ పైర్లు, దూరంగా ఎర్రమల కొండలు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి దత్తం చేశాడు. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ముందు పెట్టుకున్న పని పాలెగాళ్ల బలం తగ్గించడం. కోటలు పోయాయి, సైన్యాలు పోయాయి. చేతికి పింఛను వచ్చింది. ఊళ్లకు కాపలా కాసే కట్టుబడి బంట్ల మాన్యాలకూ కాలక్రమంలో ఎసరొచ్చింది.

ఆ కడుపుమంటే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచింది. కోయిలకుంట్ల ఖజానా మీద దాడి జరిగింది. నెలల తరబడి కొండల్లో వేట సాగింది. 1847 ఫిబ్రవరి 22న ఇదే ఊళ్లో ఆయన్ని ఉరితీశారు. జనం భయపడాలని ఆయన తలను 1877 వరకూ కోట మీదే వేలాడదీశారు. ముప్ఫై ఏళ్లు! ఆ మరుసటి ఏడే, 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. దేశంలో భారతీయుడు తుపాకీ పట్టాలంటే సర్కారు లైసెన్సు తప్పనిసరైంది. అంతవరకూ ఊరి కాపలాకు ఉపయోగపడే వస్తువు కాస్తా సర్కారు దయతో దొరికే హోదాగా మారింది. ఆ వాసన నేటికీ పోలేదు.

గురి చూసే చెయ్యి

జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్లు వెళ్తే గండికోట. ఎర్రమల కొండల్ని పెన్నా నది నిలువునా కోసిన చోట, లోయ అంచున నిలబడితే కాళ్లు వణకడం ఖాయం. మాధవరాయ ఆలయం, జామా మసీదు, ధాన్యాగారం ఒకే కోటలో చూడొచ్చు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్తే ఎండ బాధ ఉండదు. సూర్యోదయానికి అక్కడ ఉంటే ఎర్రరాయి బంగారమవుతుంది.

మూడు వైపులా లోయ, ఒకవైపు గోడ. పెమ్మసాని నాయకులు ఏలిన ఈ కోట శత్రువుకు దొరకదనే అంతా అనుకున్నారు. 1652 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. అదే కాలంలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఆ సంగతులు రాసిపెట్టాడు. మీర్ జుమ్లా కొలువులో యూరప్ గోలందాజులు ఉన్నారు. ఫిరంగులు పోతపోయడానికి క్లాడ్ మైయే అనే ఫ్రెంచివాణ్ణి కుదుర్చుకున్నాడు. కొండ మీదికి ఫిరంగిని ఎక్కించగలిగినవాడు, గురి తప్పకుండా పేల్చగలిగినవాడు అతనికి కావలసివచ్చింది. ఆయుధం ఎంత గొప్పదైనా విలువ చేతిలోనే ఉందని ఆ సేనానికి తెలుసు.

చొక్కా చాటున

గండికోట దిగి ప్రొద్దుటూరు మీదుగా కడప వైపు వస్తుంటే మనసులో మెదిలే ప్రశ్న అదే. ఈ కాలం తుపాకీ సంగతేమిటి?

కక్షలు రగిలిన రోజుల్లో సీమ పల్లెల్లో ప్రాణాలు తీసింది ఎక్కువగా నాటుబాంబూ వేటకొడవలీ. రివాల్వరు పెద్దమనుషుల నడుముకే పరిమితం. పేరున్న నాయకుడంటే పక్కన గన్‌మెన్ ఉండాలి. గన్‌మెన్‌ను తీసేస్తే పరువు పోయినట్టే! సామాన్య లైసెన్సుదారుకు దొరికేది సాధారణంగా కాన్పూరులో తయారైన పాయింట్ 32 రివాల్వరు. ఆరు తూటాలు పడతాయి. పోలీసులు, సైనికులు వాడే 9 ఎంఎం మామూలు పౌరుడికి నిషిద్ధం. 2019 చట్ట సవరణతో ఒకరి దగ్గర ఉండదగ్గ ఆయుధాలు మూడు నుంచి రెండుకు తగ్గాయి. పెళ్లిలోనో ఊరేగింపులోనో సంబరానికి గాల్లో కాల్చి జనం ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు.

2016 నాటి ఆయుధాల నిబంధనల్లో ఇంకో ముచ్చట ఉంది. బహిరంగ ప్రదేశంలో రివాల్వరు పెట్టుకు తిరిగేవాళ్లు దాన్ని ఒరలోనో, అలాంటి సంచిలోనో పెట్టుకోవాలి. పూర్తిగా కప్పి ఉంచాలి. చట్టం 'కనబడకూడదు' అంటుంది. హోదా 'కనబడాలి' అంటుంది. ఈ రెంటి మధ్యా తెల్లచొక్కా అంచు నలిగిపోతుంటుంది! ఇంతకీ అవసరమొస్తే ఆ చెయ్యి గురి చూడగలదా? పక్కనున్న పసివాడికి తగలకుండా కాల్చగలదా? ఆ సంగతి తేల్చే చోటు మాత్రం ఈ దారిలో కనబడదు.

అరచేతుల బొమ్మ

ఆ ప్రశ్నలోంచే వేరే దేశంలో ఒక ఆట పుట్టింది. 1976లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం కొలంబియా పట్టణంలో కొందరు షూటర్లు కూడి ప్రాక్టికల్ షూటింగ్‌కు అంతర్జాతీయ సమాఖ్య పెట్టారు. కాలక్రమంలో ఆ పోటీల్లోకి ఖరీదైన ప్రత్యేక పిస్టళ్లు వచ్చేశాయి. 'రోజూ నడుముకు పెట్టుకునే తుపాకీతోనే ఆడాలి' అంటూ 1996లో మరో సంఘం పుట్టింది. దానిపేరు ఐడీపీఏ.

ఆట తీరు వినండి. పోటీదారు చొక్కా మీద పొడుగాటి కోటు వేసుకుంటాడు. దాని కింద ఒరలో పిస్టల్. 'ఏటీఎం దగ్గర దొంగలు అటకాయించారు' అన్నట్టు ఓ సన్నివేశం చెబుతారు. బీప్ మోగగానే కోటు తొలగించి, తుపాకీ తీసి, గోడ చాటు నుంచి అట్టబొమ్మలను కాల్చాలి. ఒక్కో సన్నివేశంలో 18 తూటాలకు మించకూడదు. దూరాలూ తక్కువే. ఎక్కువ భాగం మన ఇంటి వరండా, వాకిలి అంత. గడియారం పరుగెడుతూనే ఉంటుంది. గురి కేంద్రం నుంచి జారిన ప్రతి పాయింటుకూ ఒక సెకను కలుపుతారు. ఎవరి మొత్తం తక్కువైతే వారిదే గెలుపు.

ఆ బొమ్మల మధ్య కొన్నింటి మీద తెరిచిన అరచేతులు గీసి ఉంటాయి. 'నా దగ్గర ఆయుధం లేదు' అని అర్థం. దారినపోయే మనిషో, బందీగా చిక్కిన పిల్లో అనుకోవాలి. దానికి తూటా తగిలిందా... ఒక్కో దెబ్బకు అయిదు సెకన్ల శిక్ష! ఎంత వేగంగా కాల్చినా ఆ అయిదు సెకన్లు పూడ్చుకోవడం కష్టం. ఇక తుపాకీ జారవిడిచినా, గొట్టం జనం వైపు తిప్పినా అక్కడికక్కడే ఇంటికి పంపేస్తారు. ఎంతటి మొనగాడైనా సరే.

కక్షల రోజుల సీమను తలచుకుంటే గుండె కలుక్కుమనేది ఇక్కడే. ఆ పగల్లో అరచేతుల బొమ్మ అంటూ లేదు. నాయకుడి జీపు నడిపిన డ్రైవరు, వెంట వెళ్లిన కూలీ, ఆ పూట తోడుగా కూర్చున్న చుట్టం... అందరూ ఒకే లెక్కలోకి వచ్చేశారు. వాళ్ల ఇళ్లలో మిగిలిన ఆడవాళ్లకు శత్రువెవరో కూడా సరిగ్గా తెలియదు. మాపటికి మనిషి ఇంటికి రాలేదు, అంతే. కర్నూలుకు పడమరగా ఉన్న కప్పట్రాళ్ల పేరు ఒకప్పుడు అలాంటి వార్తల్లోనే వినబడేది. 2015 ప్రాంతంలో అప్పటి జిల్లా ఎస్పీ ఆకే రవికృష్ణ ఆ ఊరిని దత్తత తీసుకున్నాక బడి గురించి, రోడ్ల గురించి వినబడటం మొదలైంది.

ఠాణాకు చేరే రివాల్వరు

కడప చేరేసరికి ఓ విషయం గుర్తుచేసుకోవాలి. ఎన్నికల ప్రకటన రాగానే ఈ జిల్లాల్లో మొదట జరిగే పనుల్లో ఒకటి లైసెన్సు తుపాకుల అప్పగింత. 2024లోనూ అంతే. యజమానులు తమ ఆయుధాలను పోలీసుస్టేషన్లో అప్పగించి రసీదు తీసుకుంటారు. ఫలితాలు వచ్చి వేడి చల్లారాకే తిరిగి ఇస్తారు. ఆత్మరక్షణకని కొనుక్కున్నది కాస్తా ఊరికి ఉద్రిక్తత వచ్చే రోజుల్లోనే ఇంట్లో ఉండదన్నమాట!

ఈ అప్పగింత నుంచి మినహాయింపు పొందేవారిలో బ్యాంకు కాపలాదారులతో పాటు రైఫిల్ సంఘంలో సభ్యులై, పోటీలకు వెళ్లే క్రీడాకారులు కూడా ఉంటారు. ఆలోచిస్తే ఎంత అర్థముంది! భయంతో పెట్టుకున్న తుపాకీని సర్కారు నమ్మదు. గురి కోసం పట్టిన తుపాకీని నమ్ముతుంది. ఎందుకంటే రెండో చేతికి ఎప్పుడు కాల్చకూడదో నేర్పి ఉంటారు.

మన తెలుగు పిల్లలకు ఆ గురి లేదా అంటే... బోలెడంత ఉంది. హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చాడు. అదే ఊరి అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌలో 2023లో జరిగిన ఆసియా క్రీడల్లో పిస్టల్‌తో నాలుగు పతకాలు గెలిచి, 2024లో పారిస్ ఒలింపిక్స్‌లోనూ గురిపెట్టింది. పది మీటర్ల దూరంలో ఓ కాగితం, చేతిలో ఎయిర్ పిస్టల్, పక్కన 'ఊపిరి బిగబట్టు, తొందరపడకు' అని చెప్పే గురువు... మొదలుపెట్టడానికి అంతే కావాలి. నంద్యాలలోనో ప్రొద్దుటూరులోనో అలాంటి గది ఒకటి వెలిస్తే సీమ పిల్లలు తుపాకీని తాతలు చూసిన కంటితో చూడరు.

ఈసారి సెలవుల్లో ఈ దారిన వెళ్లండి. బురుజెక్కండి, కుందూ ఒడ్డున ఆగండి, గండికోట లోయ అంచున పొద్దు పొడవడం చూడండి. కడపలో కారం దోసె తినడం మరిచిపోకండి. దారిలో ఎవరినైనా అడ్రసు అడిగితే బండి ఆపి మరీ చెబుతారు... చెయ్యి చాపి, అరచెయ్యి తెరిచి!