ఉప్పునీరు తాగిన బండి



ప్రతి సంవత్సరమూ ఈ పత్రికకు భౌతికశాస్త్ర విషయం మీద ఒక వ్యాసం వ్రాసి ఇవ్వడం నాకు అలవాటు. ఈసారి కూడ అటువంటిదే వ్రాయదలచి కాగితాలు ముందుంచుకొని కూర్చున్నాను. కాని ఇటీవల జరిగిన ఒక చిన్న సంఘటన, ముప్పది సంవత్సరాలకు పైగా నా మనస్సులో దాగియున్న మరొక సంఘటనను కదిలించింది. దానిని వ్రాయక తప్పదనిపించింది.

మన కళాశాలలో చదివి, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న పూర్వవిద్యార్థి ఒకడు ఒక శనివారం సాయంకాలం మా ఇంటికి వచ్చాడు. కుశలప్రశ్నలు ముగియకముందే ఫోను తీసి ఒక కారు చిత్రాలు చూపించాడు. తెల్లని స్కోడా ఆక్టేవియా ఆర్.ఎస్. 2017లో పరిమిత సంఖ్యలో మన దేశంలో అమ్మిన కారు. రెండు లీటర్ల టర్బో ఇంజను, 230 హార్సుపవరు. చూపులకు నలుగురు కూర్చొని పెళ్ళికి వెళ్ళే సామాన్యమైన కారు వలె ఉంటుంది గాని, లోపల ఉన్నది పందెపుగుఱ్ఱం. విజయవాడలో ఒకరు అమ్ముతున్నారనీ, ధర బజారులో పలికేదానికంటె నాలుగు లక్షలు తక్కువనీ చెప్పి, "మాస్టారూ, రేపు మీరు కూడ వచ్చి చూడాలి. మీకు ఇంజన్ల సంగతి తెలుసు గదా" అన్నాడు.

నాకు తెలిసినది ఇంజన్ల సంగతి కాదు. తక్కువ ధర సంగతి. అది ఏ విధంగా తెలిసినదో చెప్పాలంటే 1991వ సంవత్సరానికి వెళ్ళాలి.

ఆ రోజుల్లో మా బందరు యువకులకు స్పోర్ట్స్ కారు అనేది వెండితెర మీద కనిపించే వస్తువే. మాకు అందుబాటులో ఉండి ఆ స్థానాన్ని ఆక్రమించినది రాజ్‌దూత్ 350 మోటారుసైకిలు. జపానులోని యమహా కంపెనీ సహకారంతో ఎస్కార్ట్స్ సంస్థ దానిని 1983లో తయారుచేయ నారంభించింది. 347 సి.సి.; రెండు సిలిండర్లు; ఆరు గేర్లు. మొదటి తరహా ఇంజను శక్తి సుమారు 30 హార్సుపవరు, పిమ్మటి తరహాది 27. ఆనాటి బుల్లెట్ శక్తి 18 మాత్రమే. కుటుంబమంతటినీ మోసే ఫియట్ కారు శక్తి నలభైకి అటూ ఇటూ. లీటరు పెట్రోలుకు ఇరవై అయిదు కిలోమీటర్లు దాటితే గొప్ప, విడిభాగాలు ప్రియం. అందువల్ల ఎక్కువ బండ్లు అమ్ముడుపోలేదు. 1980ల చివరికి తయారీ తగ్గి, ఆగిపోయింది. కాని దాని కేక ఒకసారి విన్న కుర్రవాడు ఆ రాత్రి నిద్రపోలేదు. నేను అట్టి కుర్రవాళ్ళలో ఒకణ్ణి.

అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి ఏడాది కాలేదు. దుబాయిలో పనిచేస్తున్న మా అన్నయ్య, ఇంటి పైకప్పు వేయించవలసిందని పదిహేను వేలు పంపించాడు. 1990 మే నెలలో వచ్చిన తుపానుకు మా పెంకుటింటి వెనుక భాగం ఎగిరిపోయి, అమ్మ ఒక సంవత్సరంగా తాటాకుల కింద వంట చేస్తున్నది. ఆ డబ్బు నా పెట్టెలో ఉండగానే, గుడివాడలో ఒక రాజ్‌దూత్ అమ్మకానికి ఉన్నదని తెలిసింది. ధర పదమూడు వేలు. కొత్త బండి వంటిదేనని చెప్పారు. పైకప్పు రెండు నెలలు ఆగుతుందనీ, నా జీతంలోనుంచి మిగిల్చి వేయించవచ్చుననీ నాకు నేనే చెప్పుకున్నాను. కోరిక గలవాడు మంచి న్యాయవాది. తన కేసులో ఎన్నడూ ఓడిపోడు.

నేను గుడివాడ చేరేసరికి పొద్దు వాలింది. బండి అప్పుడే కడిగి, తుడిచి, వాకిట్లో నిలబెట్టి ఉంది. ట్యాంకు మీద దీపపు వెలుగు పడి నిగనిగలాడుతున్నది. ఇంజను వెచ్చగా ఉన్నది. ఒక్క కిక్కుకే పలికింది. గుడ్లవల్లేరు దారిన కాలువ గట్టు వెంట నాలుగు మైళ్ళు పోయి వచ్చాను. గాలి చెవుల్లో ఈలవేసింది. తిరిగి వచ్చి మారుమాట లేకుండా డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను. ఆ సాయంకాలం నేను బండిని చూడలేదు. బండి మీద నన్ను నేను చూసుకున్నాను.

మరునాడు కోనేరు సెంటరు దగ్గర షెడ్డు నడుపుతున్న మేస్త్రీ చాచా దగ్గరకు తీసుకువెళ్ళాను. మెచ్చుకుంటాడని నా ఆశ. చాచా బండిని స్టార్టు చేయమనలేదు. ముందుగా నేలమీద కూర్చున్నాడు. స్పీకరులోనుంచి తీసిన పాత అయస్కాంతం ఒకటి గుడ్డలో చుట్టి, ఫ్రేము గొట్టాల వెంట మెల్లగా జరుపుతూ వచ్చాడు. మూడు చోట్ల అది పట్టుకోక జారిపోయింది. అక్కడ రంగు కింద ఉన్నది ఇనుము కాదు, లప్పం. పిమ్మట స్క్రూడ్రైవరు పిడితో గొట్టం మీద తట్టాడు. ఒకచోట ఖంగుమన్నది, వెనుక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్ అమరే చోట మాత్రం ధ్వని మందంగా వచ్చింది. చివరకు హెడ్‌లైటు విప్పి లోపలి తీగల ముడులు చూపించాడు. వాటిమీద పచ్చని చిలుము. గిన్నె అడుగున చిటికెడు సన్నని ఇసుక.

"బేటా, ఇది ఉప్పునీరు తాగిన బండి. మొన్నటి తుపానులో మునిగింది. ఇంజను విప్పి బాగుచేశారు. ఫ్రేము లోపల కడగడం ఎవరివల్ల అవుతుంది?" అన్నాడు.

భౌతికశాస్త్రం చదివిన నాకు, చదువుకోని చాచా చెప్పిన పాఠమిది. మంచినీటిలో మునిగిన ఇనుము ఆరిన తరువాత తుప్పు నెమ్మదిస్తుంది. ఉప్పు అట్లా వదలదు. అది గాలిలోని తేమను తనవైపు లాగుకొని, లోహాన్ని సదా తడిగా ఉంచుతుంది. లోహంమీద ఏర్పడే రక్షణపొరను క్లోరైడు ఛేదిస్తుంది. గొట్టం లోపల చేరిన నీరు లోపలినుంచే తినుకుంటూ వస్తుంది. బయటి రంగు మాత్రం చెక్కుచెదరదు. 1864లోను, 1977లోను సముద్రం లోపలికి వచ్చి వేలాది ప్రాణాలను తీసుకుపోయిన తీరం మనది. ఉప్పునీరు తీసి వెళ్ళిపోయిన తరువాత కూడ ఎంతకాలం పనిచేస్తుందో దివిసీమ రైతు నెరుగును. పొలం చవుడు తేలినది చూసినవాడు. మనకు తెలియనిది కాదు, నేను చూడనిది మాత్రమే.

"ఏం చేయమంటారు చాచా?" అని అడిగాను.

"ఫ్రేము మార్చాలి. అది నీవల్ల కాకపోతే అమ్మేసెయ్. అయితే చెప్పి అమ్ము. తక్కువకు పోతుంది. పోనీ."

ఫ్రేము మార్చడానికి నా వద్ద డబ్బు లేదు. ఇంతలో అన్నయ్య సెలవుపై వస్తున్నట్లు ఉత్తరం వచ్చింది. తాటాకుల కింద వంట చేస్తున్న అమ్మను అతడు చూస్తాడనే భయం నన్ను పట్టుకున్నది. బండికి మళ్ళీ రంగు వేయించాను. దివిసీమ నుంచి ఒక యువకుడు వచ్చాడు. నాగాయలంక వైపు రొయ్యల చెరువుల మీద పనిచేసేవాడు. నేనూ సాయంకాలమే రమ్మన్నాను. నేనూ ఇంజనును ముందుగా వెచ్చబెట్టి ఉంచాను. అతడు నా చేతికి పన్నెండున్నర వేలు ఇచ్చి, "మాస్టారు గారి బండి గనుక నాకు దిగులు లేదండీ" అని నమస్కరించి వెళ్ళాడు.

మూడు నెలల తరువాత పులిగడ్డ అక్విడెక్టు సమీపంలో, స్వింగ్ ఆర్మ్ దగ్గర ఫ్రేము విరిగి అతడు పడిపోయాడు. వేగం తక్కువగా ఉండడంవల్ల ప్రాణం దక్కింది. కుడికాలు రెండుచోట్ల విరిగింది. బందరు ఆసుపత్రిలో ఉన్నాడని తెలిసి పండ్లు తీసుకొని చూడబోయాను. "నా గ్రహచారం మాస్టారూ, బండిది ఏ తప్పూ లేదు" అని నన్నే ఓదార్చాడు. అప్పుడైనా చెప్పవలసింది. నోరు రాలేదు. తిరిగివస్తూ షెడ్డు దగ్గర ఆగాను. చాచా తల ఎత్తి, "చెప్పి అమ్మావా?" అని ఒక్కమాట అడిగాడు. లేదన్నాను. ఆయన మళ్ళీ పనిలో తలవంచుకున్నాడు. ఆ తరువాత ఆ విషయం మా మధ్య ఎన్నడూ రాలేదు. మా ఇంటికి పైకప్పు పడింది. దానికింద నేను చాలాకాలం సుఖంగా నిద్రపోలేదు.

ఈ కథ నా పూర్వవిద్యార్థికి ఆ రాత్రి చెప్పలేదు. "రేపు తెల్లవారుజామునే బయలుదేరుదాం. మనం వచ్చేవరకు ఇంజను స్టార్టు చేయవద్దని వారికి ఫోను చేయి" అని మాత్రం చెప్పాను.

విజయవాడ చేరేసరికి ఏడు గంటలు. నేను మొదట బానెట్ మీద చెయ్యి వేశాను, చల్లగానే ఉన్నది. అంతవరకు అమ్మేవాడు నిజాయితీపరుడే. చల్లని ఇంజను స్టార్టు చేసి, పొగగొట్టం వెనుక నిలబడి చూశాము. నీలిపొగ వస్తే ఇంజనాయిలు మండుతున్నట్లు. టర్బో అరిగినా అది కనిపిస్తుంది. రాలేదు. డోర్ల సందులు అన్నీ ఒకే వెడల్పున ఉన్నాయి. నాలుగు టైర్ల మీద తయారైన వారమూ సంవత్సరమూ తెలిపే అంకెలు సరిపోయాయి. ఆర్.సి.లోని చాసిస్ నంబరును కారుమీది నంబరుతో పోల్చాము. బ్యాంకు అప్పు తీరినట్లు పత్రం ఉన్నది. ఈ కారు గేరుబాక్సుకు 60,000 కిలోమీటర్లకొకసారి ఆయిలు మార్చాలి. మార్చినట్లు సర్వీసు పుస్తకంలో ఉన్నది. కుర్రవాడి ముఖం వెలిగిపోతున్నది. అతని చెయ్యి అప్పుడే స్టీరింగును వదలడం లేదు. గుడివాడలో ఆ సాయంకాలపు నా ముఖం నాకు కనిపించింది.

అప్పుడు నేను వెనుక సీటు బెల్టును చివరిదాకా లాగాను. సామాన్యంగా ఎవ్వరూ అంతదూరం లాగరు. చివరి జానెడు మేర బెల్టుమీద బూడిదరంగు చార ఒకటి అడ్డంగా ఉన్నది. స్టెప్నీ తీయించాను, దాని గుంట మూలల్లో ఎండిన ఒండ్రు. ముందుసీటు కింది పట్టాలమీద తుప్పు. కార్పెట్టు అంచు ఎత్తి వాసన చూశాను. బుడమేరు!

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగరు పరిసరాలను ముంచివేసినది మీ అందరికీ జ్ఞాపకమే. ఆ నీటిలో ఎన్నో వాహనాలు రోజులతరబడి నిలిచిపోయాయి. అది ఉప్పునీరు కాదు, బురదనీరు. కాని ఈనాటి కారు, ఆనాటి రాజ్‌దూత్ వంటి మొరటు వస్తువు కాదు. బ్రేకులు, గాలిసంచులు, గేర్లు అన్నింటినీ చిన్నచిన్న కంప్యూటర్లు నడుపుతాయి. వాటి తీగల ముడులు కొన్ని కార్పెట్టు కిందనే ఉంటాయి. నీరు తగిలిన ముడి ఆ రోజునే చెడదు. ఆరు నెలలకో, ఏడాదికో, ఏ జాతీయ రహదారిమీదనో చెడుతుంది. 230 హార్సుపవరు గల కారులో ఆ క్షణం ఎట్టిదో మీరే ఊహించండి.

అమ్మే మనిషి కూడ యువకుడే. నేను సూటిగా అడిగాను. అతడు కొంతసేపు నేలచూపు చూసి, "మునిగిందండీ. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మాత్రమే ఉండడంతో రూపాయి రాలేదు. రిపేరుకు అప్పుచేశాను. అడిగితే చెప్పేవాణ్ణి" అన్నాడు. థర్డ్ పార్టీ పాలసీ ఎదుటివారి నష్టానికే గాని సొంత కారు నష్టానికి వర్తించదు. అతని అవస్థ నిజమైనదే. 1991లో నా అవస్థ కూడ నిజమైనదే. నేను అతణ్ణి కోపగించుకోలేకపోయాను.

కారు కొనకుండానే తిరుగు ప్రయాణమయ్యాము. బందరు రోడ్డు మీద చాలాదూరం మౌనంగా ఉన్న కుర్రవాడు, "ఆయన మునిగిన సంగతి చెప్పి అమ్మితే ఎవరు కొంటారు మాస్టారూ?" అన్నాడు. అప్పుడు అతనికి రాజ్‌దూత్ కథ మొదటినుంచి చివరిదాకా చెప్పాను. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. విని చాలాసేపు మాట్లాడలేదు. ఉయ్యూరు దాటిన తరువాత, "ఆయనకు ఫోను చేస్తాను మాస్టారూ. ఆ స్కానింగు, తీగల పని నిజంగా ఎంతవుతుందో అంచనా వేయించి, ఆ కాగితం పెట్టి అమ్మమని చెబుతాను" అన్నాడు.

మిత్రులారా, మన పట్టణపు చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేస్తారు. లోపల రాగి, పైన బంగారపు పూత. ఆ నగను రోల్డుగోల్డు అనే పేరుతోనే అమ్ముతారు. ఆ పేరుతోనే అది దేశమంతటా ప్రసిద్ధి పొందినది. ఆ నగలో మోసం లేదు. అదే నగను బంగారమని చెప్పి అమ్మినవాడిలో ఉన్నది మోసం.

మీలో చాలామంది రేపు ఉద్యోగాలు సంపాదించి వాహనాలు కొంటారు. వేగంగా పోయేవాటినే కొంటారు, అది వయోధర్మం. కొనేటప్పుడు ఆ వస్తువుమీద ఆశ లేనివాణ్ణి ఒకణ్ణి వెంట తీసుకొని ఉదయంపూట వెళ్ళండి. అమ్మేటప్పుడు మాత్రం ఎవరి తోడూ అక్కరలేదు. మీకు తెలిసినది చెప్పండి, చాలు. నాగాయలంక వైపు ఎక్కడో కుడికాలు ఈడ్చుకుంటూ నడిచే మనిషి ఒకడు ఉండి ఉంటాడు. ఈ సెలవులలో వెళ్ళి అతణ్ణి వెదకాలని నిశ్చయించుకున్నాను.