భేటింగ్ అయిన కోడలి ముచ్చట్లు

పెళ్లయినంక గ్రూపులో ఒక్క పోస్టు పెట్టలేదని చానా మంది అడుగుతున్నారు. "హనీమూన్ ఫొటోలు ఏవి వదినా?" అని ఒక తమ్ముడు మెసేజ్ పెట్టిండు. అసొంటి ఫొటోలు లేవు. అయినా మేమిద్దరం బాగనే తిరిగినం. ఆ ముచ్చట్లే ఇవి.

పెళ్లి 2024 మేలో అయింది. నాది సిర్పూర్ (యు) దిక్కు. ఆయనది ఇంద్రవెల్లి మండలం, మెస్రం ఇల్లు. పెళ్లయినంక మొదటి పండుగ దీపావళి. దండారి చూద్దామని పుట్టింటికి పోయినం. ఆ వారంలోనే, అక్టోబర్ 25న, మార్లవాయి గుస్సాడీ కనకరాజు తాత కాలం చేసిండు. 2021లో పద్మశ్రీ వచ్చిన మన తాత. మా ఊళ్లో గుస్సాడీలు నెమలి ఈకల టోపీ పెట్టుకొని ఆడుతుంటే పెద్దోళ్లు ఆయన పేరే తలుచుకున్నరు.

తిరిగొచ్చేటప్పుడు జైనూర్ దగ్గర బండి మార్లవాయి వైపు తిప్పినం. హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధులు అక్కడ పక్కపక్కనే ఉన్నయి. ఆమె 1987లో పోయింది. ఆయన 1995లో లండన్‌లో పోతే, తర్వాత ఆయన అవశేషాలు తెచ్చి ఆమె పక్కనే పెట్టిండ్రు. 1940లలో మన పిల్లల చదువు కోసం టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చింది ఆ ఊళ్లోనే. బీఈడీ చేసిన నాకు అక్కడ నిలబడితే మనసు నిండింది. మా ఆయన మాత్రం, "ఎక్కడోళ్లో వచ్చి మన దగ్గర కలిసి ఉన్నరు" అన్నడు, అంతే.

ఇక అసలు సంగతి. జనవరిలో పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర. దానికి ముందు మెస్రం వాళ్లు జన్నారం మండలం హస్తినమడుగు దాకా కాలినడకన పోయి గోదావరి జలం తెస్తరు. ఆయన కూడా పోవాలె. కాంట్రాక్టు ఉద్యోగం. పెళ్లికి అడగంగనే లీవు ఇచ్చిన ఆఫీసులో, దేవుని నీళ్ల కోసం నడుస్తనంటే నవ్విండ్రు. "బస్సులో పోయి తెచ్చుకోరాదు" అన్నరట. కాంట్రాక్టు మళ్లీ రాస్తరో లేదో అని ఇంట్లో రెండు రాత్రులు మాట్లాడుకున్నం. నేను పొమ్మన్న. అన్ని దినాల జీతం కోసిండ్రు. చెప్పుల్లేకుండ నడిచిన కాళ్లకు నేను పసుపు, నూనె రాసిన. కాంట్రాక్టు మాత్రం నిలబడ్డది.

జనవరి 28 రాత్రి మహాపూజ. 2022లో మెస్రం ఇండ్లన్నీ తలా కొంత వేసుకొని పూర్తి చేసిన రాతి గుడి అది. పూజ అయినంక మాకు, అంటే కొత్త కోడళ్లకు, భేటింగ్. తెల్ల చీర, ముఖం మీద ముసుగు. పెద్దాడోళ్లు చెయ్యి పట్టుకొని నాగోబా ముందుకు తీస్కపోయిండ్రు. భేటింగ్ కానిదే మెస్రం కోడలు కులదేవుని పూజలో కూసోవద్దు. "ఇంత చదివి ముసుగేసుకున్నవా?" అని ఒక చెల్లె అడిగింది. మంచి ప్రశ్నే. ఆ ముసుగు ఒక్క రాత్రిది చెల్లే. అది తీసినంక నా ముఖం దేవునికీ, ఆ ఇంటోళ్లందరికీ తెలిసింది. రేపు పంచాయితీలో నేను మాట్లాడితే "బయటి పిల్ల" అనేటందుకు ఎవ్వరికీ లేదు. పొద్దుగాల మర్రిచెట్ల కింద అన్నం వండుతుంటే మా అత్త అడిగిన మొదటి మాట "పరీక్ష ఎప్పుడు బిడ్డా?" అని. డీఎస్సీ రాస్తనని పెళ్లికి ముందే చెప్పిన. మరిచిపోయిండ్రేమో అనుకున్న. మరువలేదు.

జూనియర్లకు ఒక్క మాట. మీరు ఆఫీసర్లయి కుర్చీలో కూసున్నప్పుడు, మన పిలగాడు ఎవరన్నా జాతర నడకకు లీవు అడిగితే నవ్వకండ్రి. సంతకం పెట్టుండ్రి.

వచ్చే ఏడు జాతరకు రాండ్రి. మర్రిచెట్ల కింద మా పొయ్యి ఉంటది, జొన్నరొట్టె తినిపోదురు.