వెనక చక్రం వేడి

పలాసలో మా లారీ వెనక బ్రేకులకు కొత్త లైనర్లు వేయించి, కొబ్బరికాయల లోడుతో బయలుదేరాము. జలంత్రకోట చేరేసరికి కమురు వాసన! కొత్త లైనరు కుదురుకొనేదాకా ఇది సహజమేనన్నాను.

"రెండు పక్కలా కొత్తవే కదా బాబూ, ఎడమదే ఎందుకు కాలుతోంది?" అన్నాడు డ్రైవరు. నా పాండిత్యం అక్కడితో సరి.

డ్రమ్ము చల్లారాక, మిగతా చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, గేరు తీసి, జాకీ ఎత్తాము. వెనక హ్యాండ్‌బ్రేకును బిగించేది స్ప్రింగు, విడిపించేది గాలి. గాలి చాలకపోయినా చక్రం పట్టేస్తుంది. కానీ ట్యాంకు నిండుగానే ఉంది. హ్యాండ్‌బ్రేకు వదిలినా చక్రం చేతికి తిరగలేదు. స్లాక్ అడ్జస్టరును కాస్త సడలించగానే తిరిగింది. అలాగే ఇచ్ఛాపురం దాకా లాగి ఉంటే టైరు అంటుకొనేదేమో!

మెకానిక్కును తిట్టబోయి ఆగాను. ఆ ఎడమ చక్రం దగ్గర నిలబడి, "ఇంకాస్త బిగించు" అని పోరుపెట్టినవాణ్ణి నేనే.